అయస్కాంతం అంటుకున్న చోటు

నరసాపురంలో నాది ఐసు ఫ్యాక్టరీ.
ముప్పై ఏళ్ళుగా దిమ్మలు పగలగొట్టించి
రొయ్యల పెట్టెల మీద పోయిస్తున్నాను.
కరిగిపోయేదాన్ని అమ్ముకుని బతికినదాన్ని,
కరగనిది ఒక్కటి కొనుక్కుందామనుకున్నాను.
టాపు లేనిది, నేలకి జానెడెత్తున పాకేది,
రెండే సీట్లున్నది.

"రెండోది ఎవరికండీ?" అని
ఊళ్ళో ముగ్గురడిగారు.
నాలుగోవాడు అడగలేదు, నవ్వాడు.

మొదటి బండి పాలకొల్లులో,
రుద్రరాజు గారి రైసు మిల్లు గోడౌన్లో,
ఊక బస్తాల వెనక.
అరవై రెండో మోడలు. ఇంగ్లండులో పుట్టింది.
కాకినాడ రేవులో దింపుకున్న దొర ఎవరో
వెళ్ళిపోతూ వాళ్ళ నాన్నగారికి వదిలేశాడట,
బాకీ కిందో స్నేహం కిందో, ఆ మాట చెప్పరు.
దుప్పటి లాగారు.
పొడుగాటి ముక్కు, గుండ్రటి దీపాలు,
కిందటేటి మిరపకాయలా నల్లబడిన ఎరుపు.
సీట్లో ఎలకల కాపురం.
"అసలు సరుకమ్మా.
ఇంజను నంబరూ చాసిస్ నంబరూ కవలపిల్లలు.
పద్దెనిమిది లక్షలు. కూర్చోకండి, సీటు చిరుగుద్ది."

మీరాసాహెబు బేరమాడలేదు.
జేబులోంచి పాత స్పీకరు అయస్కాంతం తీశాడు,
దానికి దారం కట్టుంది.
బానెట్ మీద పెట్టాడు, జారింది.
తలుపు మీద, జారింది.
మడ్‌గార్డు మీద ఒక్క క్షణం ఆలోచించి
జారింది.
"పుట్టీ అమ్మగారూ," అన్నాడు నా చెవిలో,
"ఇనుముని ఉప్పుగాలి ఎప్పుడో తినేసింది.
ఆకారం మాత్రం మర్యాదకి నిలబడుంది."
చివరికి స్టీరింగు వైపు తలుపు కీలు దగ్గర
టక్కున అంటుకుంది.
అరచేతి వెడల్పు ఇంగ్లండు.

రెండోదానికి వశిష్ఠ దాటాలి.
పంటు దిగి, సఖినేటిపల్లి మీదుగా
అంతర్వేది పల్లిపాలెం.
పెమ్మాడి సింహాద్రి ఫైబరు బోట్లు పోస్తాడు.
వేట ఆపేసిన రెండు నెలలూ చేతులూరుకోక
క్యాలెండరు బొమ్మ చూసి
ఒక కారు పోశాడు.
లోపల చెడిపోయిన మారుతీ వ్యాను ఇంజను.
కాగితాల్లో ఇప్పటికీ వ్యానే.
దీపాలు దగ్గర దగ్గరగా పడి కాస్త మెల్లకన్ను.
పడవలకి పోగా మిగిలిన నీలం పూశాడు.
"నకలేనండీ," అన్నాడు నేనడక్కముందే,
"అయినా అసలు కంటే వడ్డీయే ముద్దంటారు కదండీ."
మీరాసాహెబు అయస్కాంతం పెట్టాడు.
జారింది.
దారానికి వేలాడుతూ ఆ నల్లబిళ్ళ
రెండు ఊళ్ళకీ ఒకటే మాట చెప్పింది.

నా పంతొమ్మిదో ఏట
కాలవ లాకుల దగ్గర, తలుపులు తెరవడం కోసం ఆగి,
ఇలాంటి బండి ఒకటి చూశాను.
ఒకావిడ నడుపుతోంది. ఒక్కతే.
ఏ కంపెనీదో చూడలేదు. రంగు గుర్తులేదు.
తలుపు మీద ఆనించిన ఆవిడ మోచెయ్యి
గుర్తుంది.
ఎవరి కోసమూ తియ్యని మోచెయ్యి.

"కూర్చోండి," అన్నాడు సింహాద్రి,
"ఎంతమంది కూర్చున్నా ఏమవదు, బోటు గుణం."
కూర్చున్నాను. మోచెయ్యి పెట్టాను.
పడవ అంచులా కొంచెం లోపలికి వంచాడు తలుపుని,
ఎముక నొప్పెట్టకుండా.
క్యాలెండరు బొమ్మలో అది ఉండి ఉండదు.

రెండు లక్షల ఎనభై వేలు,
వాళ్ళ తమ్ముడి బోటుకి ఈ సీజనంతా ఐసు.
మీరాసాహెబు నోరెత్తలేదు. అయస్కాంతాన్ని మాత్రం
గేరు రాడ్డుకి అంటించి వదిలేశాడు.

తిరుగు పంటులో నడిగోదాట్లో ఉండగా
రుద్రరాజు గారి ఫోను.
పదిహేనుకిస్తారట.
అల కొట్టి బానెట్ తడిసింది, నేను తుడవలేదు.
టికెట్లు కొట్టే కుర్రాడు వచ్చాడు,
చుట్టూ ఒకసారి తిరిగాడు,
వేలితో కొట్టి చప్పుడు విన్నాడు.
"కారుకి కొట్టమంటారా అండీ, పడవకా?"

చిల్లర వెతుక్కుంటూ
ఇంకా ఆలోచిస్తున్నాను.